క్రిప్స్ రాయబారం ఎక్కడ తెగింది? 1942 చర్చలను విడదీసి చూస్తే

పోటీ పరీక్షల పుస్తకాల్లో క్రిప్స్ రాయబారానికి మహా అయితే నాలుగు లైన్లు దక్కుతాయి. బ్రిటిష్ మంత్రి క్రిప్స్ 1942 మార్చిలో వచ్చారు, యుద్ధం ముగిశాక డొమినియన్ హోదా ఇస్తామన్నారు, కాంగ్రెస్, ముస్లిం లీగ్ రెండూ కాదన్నాయి, వెళ్లిపోయారు. తర్వాతి పేజీలో క్విట్ ఇండియా మొదలవుతుంది. చదివినవాళ్లకు మాత్రం అనుమానాలు మిగిలిపోతాయి. ఒకరంటే ఒకరికి పడని రెండు పార్టీలు ఒకే పత్రాన్ని ఎందుకు తిప్పికొట్టాయి? ఏప్రిల్ 8 నాటికి కుదిరిపోయినట్టే అనిపించిన ఒప్పందం రెండు రోజుల్లో ఎలా చెడింది? దేశ విభజన గురించి ఎప్పుడు వాదన లేచినా, "అప్పుడే ఒప్పుకుని ఉంటే" అనే మాట ఎందుకు వస్తుంది?

ఆ పత్రాన్ని రెండు ముక్కలుగా చదివితేనే ఇదంతా అర్థమవుతుంది. మొదటి ముక్క యుద్ధం ముగిశాక ఏం జరగాలో చెబుతుంది. రెండోది యుద్ధం నడుస్తుండగా దేశాన్ని ఎవరు పాలించాలో చెబుతుంది. మొదటిది వివరంగా, క్లాజుల వారీగా ఉంది. రెండోది ఒక్క పేరా. కాంగ్రెస్‌తో చర్చ తెగింది ఆ ఒక్క పేరా దగ్గరే.

అడగకుండా యుద్ధంలోకి

1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించారు. ఏ భారతీయ నాయకుణ్నీ, ఏ శాసనసభనూ అడగలేదు. చట్టం ప్రకారం అడగక్కర్లేదు కూడా. ఎనిమిది ప్రాంతాల్లో పాలిస్తున్న కాంగ్రెస్ మంత్రివర్గాలు దీనికి నిరసనగా ఆ ఏడాది అక్టోబర్, నవంబర్‌లలో రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం కూడా అలాగే దిగిపోయింది. కాంగ్రెస్ పాలన పోయినందుకు జిన్నా డిసెంబర్ 22ను విమోచన దినంగా జరపమన్నారు. మరుసటి మార్చిలో లాహోర్‌లో లీగ్ ముస్లింలకు విడి రాజ్యాలు కావాలని తీర్మానించింది.

1940 ఆగస్టు 8న వైస్రాయ్ ఒక ప్రతిపాదన చేశారు. తన కౌన్సిల్‌లో మరికొందరు భారతీయులను చేర్చుకుంటామని, యుద్ధం తర్వాత రాజ్యాంగం రాసుకునే ఏర్పాటు చేస్తామని అందులో ఉంది. పెద్ద వర్గాలు ఒప్పుకోని ప్రభుత్వానికి అధికారం అప్పగించబోమని కూడా ఉంది. అంటే, లీగ్ వద్దంటే ఆగిపోతుంది. కాంగ్రెస్ కాదంది. వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది.

1941 డిసెంబర్ వరకు లండన్‌కు పెద్ద టెన్షన్ లేదు. జపాన్ యుద్ధంలోకి దిగాక కథ మారింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది, మార్చి 8న రంగూన్. బర్మా నుంచి కాలినడకన వస్తున్న కాందిశీకుల కబుర్లు ఊళ్లకు చేరుతున్నాయి. ఆంధ్ర తీరం నుంచి బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉండేవి కాబట్టి, మన దగ్గర ఇది ఇంటి దుఃఖమే అయింది. అటు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, ఇటు ఫిబ్రవరిలో స్వయంగా వచ్చి వెళ్లిన చైనా నాయకుడు చాంగ్ కై షేక్, భారతీయులతో రాజీపడమని బ్రిటన్‌ను ఒత్తిడి చేస్తున్నారు. లండన్ యుద్ధ కేబినెట్‌లో లేబర్ నాయకుడు అట్లీ కూడా అదే అంటున్నారు. మార్చి 11న చర్చిల్ పార్లమెంటులో ప్రకటించారు: సర్ స్టాఫర్డ్ క్రిప్స్ ఢిల్లీ వెళుతున్నారు.

క్రిప్స్ అప్పటికి యుద్ధ కేబినెట్ సభ్యుడు, కామన్స్ సభా నాయకుడు. మాస్కోలో రాయబారిగా పనిచేసి వచ్చారు. వామపక్షవాది, నెహ్రూకు స్నేహితుడు. పంపిన చర్చిల్‌కు, వచ్చిన క్రిప్స్‌కు భారతదేశం విషయంలో ఒక్క మాట కలవదు. ఇది గుర్తుపెట్టుకుంటే ముందు ముందు జరిగేది తేలిగ్గా అర్థమవుతుంది.

మూడు మాటలకు ముందు అర్థం చెప్పుకుందాం

డొమినియన్ హోదా అంటే కెనడా, ఆస్ట్రేలియాలకు అప్పుడున్న స్థాయి. రాజు పేరు ఉంటుంది, పాలన మాత్రం ఆ దేశానిదే. క్రిప్స్ తెచ్చిన పత్రంలో ఒక అడుగు ముందుకే వేశారు. కామన్వెల్త్‌తో సంబంధం ఉంచుకోవాలో తెంచుకోవాలో కొత్త యూనియన్ తానే తేల్చుకోవచ్చన్నారు. 1940 ప్రతిపాదనలో ఇంత స్పష్టత లేదు.

సంస్థానాలంటే హైదరాబాద్, మైసూరు, కశ్మీర్ లాంటివి. రాజులో నవాబులో పాలించేవి, పైన బ్రిటిష్ చక్రవర్తి పెత్తనం ఉండేది. మిగిలినది బ్రిటిష్ ఇండియా: మద్రాసు, బెంగాల్, పంజాబ్ లాంటి 11 ప్రాంతాలు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, వైస్రాయ్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్. కేంద్రంలో పాలించేది ఇదే. 1935 చట్టంలో రాసిన ఫెడరేషన్ అమల్లోకి రానే లేదు కాబట్టి, కేంద్రం 1919 నాటి పద్ధతిలోనే నడుస్తోంది. 1941లో విస్తరించాక కౌన్సిల్ సభ్యుల్లో 12కు 8 మంది భారతీయులే. చూడ్డానికి మెజారిటీ మనదే. కానీ రక్షణ, ఆర్థిక, హోం శాఖలు బ్రిటిష్ వాళ్ల దగ్గరే ఉన్నాయి. పైగా ఆ సభ్యులు ఏ శాసనసభకూ జవాబుదారీ కారు, వాళ్లను వేసేది లండన్. దేశ భద్రతకో, శాంతికో, ప్రయోజనాలకో ముప్పు ఉందని వైస్రాయ్ అనుకుంటే కౌన్సిల్ మెజారిటీని పక్కన పెట్టవచ్చు.

యుద్ధం తర్వాతి భారతం: పత్రంలో రాసినది

యుద్ధం ఆగిన వెంటనే ప్రాంతాల శాసనసభలకు ఎన్నికలు. ఆ దిగువ సభల సభ్యులంతా కలిసి ఒకే ఓటర్ల బృందంగా కూర్చుని, దామాషా పద్ధతిలో రాజ్యాంగ సభను ఎన్నుకుంటారు. రాజ్యాంగ సభ సైజు ఆ బృందంలో పదో వంతు. 1935 చట్టం ప్రకారం 11 ప్రాంతాల దిగువ సభల్లో మొత్తం 1585 సీట్లు. మద్రాసువి 215, బెంగాల్‌వి 250, ఒరిస్సా, సింధ్‌లవి చెరో 60. అంటే రాజ్యాంగ సభలో సుమారు 158 మంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, దేశంలో ఎక్కడెక్కడి పది మంది ఎమ్మెల్యేలు ఒక్క మాట మీద నిలిచినా ఒక ప్రతినిధిని పంపగలరు. చిన్న వర్గాలకు ఇది మేలే.

మరి సంస్థానాలు? జనాభా నిష్పత్తిలో వాటికీ ప్రతినిధులుంటారు. వాళ్లను ఎన్నుకోరు, సంస్థానం నియమిస్తుంది. మన లెక్కే వేసుకుందాం. 1941 జనగణనలో బ్రిటిష్ ఇండియాలో దాదాపు 29.6 కోట్ల మంది, వాళ్లకు 158 సీట్లు. హైదరాబాద్ సంస్థానంలో దాదాపు 1.63 కోట్లు. అదే నిష్పత్తిలో నిజాంకు 8 లేక 9 సీట్లు వస్తాయి. వాళ్లందరినీ పంపేది నిజాం. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ మీద 1938 నుంచి నిషేధం ఉంది. బెజవాడ మనిషి తను ఓటేసిన ఎమ్మెల్యే ద్వారా రాజ్యాంగం రాయడంలో ఎంతోకొంత పాలుపంచుకుంటాడు. సరిహద్దు దాటి నల్లగొండకు వెళితే, అదే భాష మాట్లాడే మనిషి తరఫున నవాబు మాట్లాడతాడు. సంస్థానాల్లోని 9 కోట్ల మందిని పాలకుల చేతిలో సరుకుగా చూశారని కాంగ్రెస్ తీర్మానం అన్నది ఇందుకే. తెలుగువాళ్లకు ఈ అభ్యంతరం ఎంత బరువైనదో 1948 దాకా జరిగిన చరిత్ర చెబుతుంది.

అరవై శాతం లెక్క

అన్నిటికన్నా పెద్ద దుమారం రేపింది మరో క్లాజు. రాజ్యాంగం తయారయ్యాక ఏ ప్రాంతమైనా "మేం చేరం" అనవచ్చు. అలా దూరంగా ఉన్న ప్రాంతాలు కావాలంటే తమ సొంత రాజ్యాంగం రాసుకుని అదే హోదా పొందవచ్చు. పాకిస్తాన్ అనే మాట పత్రంలో ఎక్కడా లేదు. దారి మాత్రం ఉంది.

ఎలా తేలుస్తారని అడిగితే క్రిప్స్ వివరించారు. ముందు ఆ ప్రాంత శాసనసభ ఓటు వేస్తుంది. చేరాలన్నవాళ్లు 60 శాతానికి తక్కువైతే, వద్దన్నవాళ్లు జనవాక్య సేకరణ అడగవచ్చు. అప్పుడు వయోజన పురుషులంతా ఓటు వేస్తారు, సగం దాటినవాళ్ల మాట నెగ్గుతుంది.

బెంగాల్‌ను తీసుకుందాం. 250 మందిలో 60 శాతం అంటే 150. చేరడానికి 160 మంది ఓటేస్తే కథ ముగిసినట్టే, బెంగాల్ యూనియన్‌లో ఉంటుంది. 140 మందే వేస్తే, మిగిలిన 110 మంది విషయాన్ని జనం ముందుకు లాగవచ్చు.

ఇది లీగ్‌కు వరం లాంటిదే కదా, ఎందుకు కాదన్నారు? బెంగాల్ జనాభాలో ముస్లింలు సగం కన్నా ఎక్కువ. కానీ శాసనసభలో ముస్లింలకు కేటాయించిన సీట్లు మహిళల సీట్లతో కలిపి 119, అంటే సగం కన్నా తక్కువ. పంజాబ్ సభలోనూ సగానికి కాస్త తక్కువే. కాబట్టి సభలో ఓటింగ్ పెడితే గ్యారంటీ లేదు. జనవాక్యంలో హిందువులు, సిక్కులు కూడా ఓటేస్తారు. స్వయం నిర్ణయ హక్కు ముస్లింలది కాబట్టి ముస్లింలు మాత్రమే ఓటు వేయాలన్నది లీగ్ వాదన. పైగా రాజ్యాంగ సభ ఒక్కటే ఉంటుంది, అందులో తాము నాలుగో వంతే ఉంటారు. విడిపోయే హక్కును సూత్రంగా గుర్తించినందుకు సంతోషించి, పద్ధతి నచ్చక లీగ్ కాదంది.

సిక్కులు సరిగ్గా దీనికి ఎదురు కారణంతో వణికారు. పంజాబ్ బయటికి పోతే తమ గతేమిటని అడిగారు. హిందూ మహాసభకు దేశాన్ని విడగొట్టే మాటే సహించలేదు. అంబేద్కర్, ఎం.సి. రాజా ఈ ఏర్పాటులో అణగారిన వర్గాలను కాళ్లూ చేతులూ కట్టి అగ్రవర్ణ పాలనకు అప్పగించినట్టే అవుతుందన్నారు. ఒకే పత్రాన్ని ఇంతమంది ఇన్ని వేరువేరు భయాలతో చదివారు.

కాంగ్రెస్ వైఖరి తరచూ తప్పుగా చెబుతుంటారు. విడిపోయే హక్కు ఐక్యతకు గట్టి దెబ్బ అని వర్కింగ్ కమిటీ తీర్మానం అన్న మాట నిజమే. కానీ ఏ ప్రాంత ప్రజలనైనా వాళ్లు స్పష్టంగా తెలిపిన ఇష్టానికి విరుద్ధంగా యూనియన్‌లో బలవంతంగా ఉంచే ఆలోచన తమకు లేదని కూడా అదే తీర్మానంలో ఉంది. మచిలీపట్నం నుంచి వెళ్లిన పట్టాభి సీతారామయ్య ఆ కమిటీలో సభ్యుడు. భవిష్యత్తు క్లాజుల మీద ఇన్ని అభ్యంతరాలున్నా కాంగ్రెస్ అక్కడితో లేచిపోలేదు. వాటిని పక్కన పెట్టి, ఇప్పటి ప్రభుత్వం సంగతి తేలుద్దాం అంది. ఇంకో వారానికి పైగా చర్చలు సాగాయి.

ఆ ఒక్క పేరా: రక్షణ ఎవరి చేతిలో

చివరి పేరాలో ఉన్నది ఇంతే. కొత్త రాజ్యాంగం వచ్చేదాకా దేశ రక్షణ బాధ్యత, అదుపు బ్రిటిష్ ప్రభుత్వానిదే. సైనిక, నైతిక, భౌతిక వనరులను కూడగట్టే పని మాత్రం ప్రజల సహకారంతో భారత ప్రభుత్వానిది.

జపాన్ బంగాళాఖాతంలోకి వచ్చేసిన రోజుల్లో, పాలనలో రక్షణ తప్ప పెద్దగా ఇంకేం మిగులుతుంది? రైళ్లు, ఓడరేవులు, బియ్యం, పత్రికలు అన్నీ యుద్ధం చుట్టూనే తిరుగుతున్నాయి. రక్షణ చేతిలో లేని ప్రభుత్వంలో చేరి జనాన్ని "పోరాడండి" అని ఎలా అడుగుతామన్నది కాంగ్రెస్ ప్రశ్న. యుద్ధం మధ్యలో సైన్యం పగ్గాలు చేతులు మారితే సైన్యమే చెదిరిపోతుందన్నది బ్రిటిష్ సమాధానం. రెండిట్లోనూ బలం ఉంది.

దాంతో బేరం మొదలైంది. సైన్యాధిపతి వేవెల్ యుద్ధం చూసుకుంటారు, ఒక భారతీయుడు రక్షణ సభ్యుడిగా ఉంటారు. మరి ఆయన చేసే పనులేమిటి? ఏప్రిల్ 7న క్రిప్స్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆజాద్‌కు ఒక జాబితా పంపారు. ప్రచార సంబంధాలు, యుద్ధం తర్వాత సైనికులను ఇళ్లకు పంపడం, పెట్రోలు, సైనికుల సౌకర్యాలు, క్యాంటీన్లు, సాంకేతికం కాని కొన్ని విద్యాసంస్థలు, సైన్యానికి కావలసిన స్టేషనరీ, అచ్చు పనులు. ఆ జాబితాను చదువుతుంటే ఎనభై ఏళ్ల తర్వాత కూడా మనసు చివుక్కుమంటుంది. దానికి ముందు రోజే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోతున్నారు. ఢిల్లీలోనేమో భారత రక్షణ సభ్యుడికి క్యాంటీన్లు ఇస్తామంటున్నారు.

అక్కడికి మరో మనిషి వచ్చారు. రూజ్‌వెల్ట్ సొంత ప్రతినిధి లూయీ జాన్సన్, ఏప్రిల్ 3న ఢిల్లీ చేరారు. ఆయన జాబితాను తలకిందులు చేశారు. భారతీయుడికి ఏమివ్వాలో రాసే బదులు, సైన్యాధిపతి దగ్గర ఏముండాలో రాద్దాం, మిగిలినదంతా భారతీయ రక్షణ సభ్యుడిది. గౌరవానికి గౌరవం దక్కింది, యుద్ధ నిర్వహణా చెదరలేదు. మాటల సవరణ కొంత మిగిలినా, ఏప్రిల్ 8 నాటికి రక్షణ శాఖ ముడి దాదాపు విడిపోయింది.

"కేబినెట్" అన్న మాట

అప్పుడు అసలు ముడి బయటపడింది. క్రిప్స్ మొదటి సమావేశాల్లో కొత్త కౌన్సిల్ కేబినెట్‌లా నడుస్తుందని, వైస్రాయ్ ఇంగ్లండ్ రాజులా ఉంటారని చెప్పారని ఆజాద్ అంటారు. కాంగ్రెస్ దాన్ని నమ్ముకుని ఇంత దూరం వచ్చింది.

తేడా ఎక్కడ వస్తుందో ఊహించి చూద్దాం. జపాన్ దిగబోతోందన్న వార్త వచ్చింది. శత్రువుకు చిక్కకుండా కోస్తాలోని పడవలు, బియ్యం నిల్వలు ధ్వంసం చేయాలని సైన్యం అడిగింది. కౌన్సిల్‌లో పదిహేను మందిలో పన్నెండు మంది "అలా చేస్తే జనం ఆకలితో చస్తారు, వద్దు" అన్నారు. అది కేబినెట్ అయితే వైస్రాయ్ తలవంచాలి, లేదా వాళ్ల రాజీనామాలు తీసుకోవాలి. పాత కౌన్సిల్ అయితే ఆయన సంతకం పెట్టి పంపేస్తారు. జనం ముందు ముద్దాయిలుగా నిలబడేది మాత్రం ఆ పన్నెండు మంది.

చట్టం మార్చమని కాంగ్రెస్ పట్టుబట్టలేదు. యుద్ధంలో అది కుదరదని ఒప్పుకుంది. కౌన్సిల్ నిర్ణయాలను తోసిపుచ్చనని వైస్రాయ్ ఒక ఆనవాయితీగా మాట ఇస్తే చాలంది. దీనికి ముందొక ఉదాహరణ కూడా ఉంది. 1937లో గవర్నర్ల ప్రత్యేక అధికారాల మీద ఇలాంటి పేచీయే వచ్చి, రోజువారీ పాలనలో జోక్యం ఉండదని ఇదే లిన్‌లిత్‌గో వివరణ ఇచ్చాకే రాజాజీ వంటివాళ్లు మంత్రివర్గాలు ఏర్పాటు చేశారు.

ఏప్రిల్ 9 సాయంత్రం ఆజాద్, నెహ్రూ క్రిప్స్‌ను కలిసేసరికి ఆయన గొంతు మారింది. ఆ విషయం కౌన్సిల్‌లో చేరాక వైస్రాయ్‌తోనే మాట్లాడుకోవాలన్నారు. లండన్‌లో ఏం జరిగిందో తర్వాత బయటపడ్డ టెలిగ్రాములు చూపిస్తాయి. తనకు తెలియకుండా క్రిప్స్, జాన్సన్ బేరం కుదురుస్తున్నారని వైస్రాయ్ లండన్‌కు చెప్పుకున్నారు. వైస్రాయ్ అధికారాలను తగ్గించే ఏ ఆనవాయితీకీ ఒప్పుకునేది లేదని యుద్ధ కేబినెట్ తేల్చి చెప్పింది. ఏప్రిల్ 10న ఆజాద్ తిరస్కరణ లేఖ రాశారు. క్రిప్స్ జవాబులో, అలాంటి కౌన్సిల్ మెజారిటీ నియంతృత్వం అవుతుందని, మైనారిటీలు ఒప్పుకోరని వాదించారు. అంతవరకు ఎక్కడా రాని ఆ మాట చివరి రోజున వచ్చిందని కాంగ్రెస్ నాయకులు మండిపడ్డారు. ఏప్రిల్ 12న క్రిప్స్ విమానం ఎక్కారు. ఆయన్ను ఆపి మరోసారి ప్రయత్నించమని రూజ్‌వెల్ట్ పంపిన సందేశాన్ని చర్చిల్ పట్టించుకోలేదు.

తప్పు ఎవరిది: నాలుగు వాదనలు

చర్చిల్, లిన్‌లిత్‌గో కలిసి చెడగొట్టారన్నది ఒక వాదన. దీనికి గట్టి ఆధారమే ఉంది. క్రిప్స్ బయలుదేరక ముందే చర్చిల్ వైస్రాయ్‌కి రాశారు: అమెరికాలో ఉన్న ధోరణి చూస్తే ఊరికే కాదనడం కుదరదు, భారతీయ పార్టీలు తిరస్కరిస్తే మన చిత్తశుద్ధి ప్రపంచానికి రుజువవుతుంది. తిరస్కరణ వచ్చినా పనికొచ్చేలా లెక్క వేసుకున్న మనిషి ఒప్పందం కోసం తాపత్రయపడతారని అనుకోలేం.

గాంధీయే ఆపించారన్నది రెండో వాదన. మార్చి 27న క్రిప్స్‌ను కలిసి, మీరిచ్చేది ఇంతేనైతే తర్వాతి విమానంలో వెళ్లిపొమ్మని ఆయన అన్న మాట నిజం. యుద్ధమే వద్దన్నది ఆయన సిద్ధాంతం. కానీ ఏప్రిల్ మొదటి వారంలోనే గాంధీ ఢిల్లీ వదిలి వెళ్లిపోయారు. వార్ధా నుంచి ఫోన్ చేసి చెడగొట్టారన్న ప్రచారాన్ని నెహ్రూ గట్టిగా ఖండించారు. పైగా గాంధీ వద్దన్నాక కూడా చర్చలు రోజుల తరబడి సాగాయి. ఈ వాదన నాకు నిలబడేలా కనిపించదు.

మూడోది, క్రిప్స్ తన చేతిలో లేనిది ఇస్తానన్నారని. ఇందులో నిజముంది. కేబినెట్, జాతీయ ప్రభుత్వం వంటి మాటలను ఆయన ఉదారంగా వాడారు, వాటికి లండన్ అనుమతి లేదు. మంచి మనసుతోనే చేసి ఉండవచ్చు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నప్పుడు మొదటికన్నా ఎక్కువ అపనమ్మకం మిగిలింది.

నాలుగోది లీగ్ వైపు నుంచి వస్తుంది. వైస్రాయ్ వీటో తీసేస్తే మెజారిటీ ఉన్న పార్టీదే రాజ్యం అవుతుంది, అందులో తమకు రక్షణ ఏదన్నది ఆ భయం. కౌన్సిల్‌లో ఏ పార్టీకి ఎన్ని సీట్లన్న చర్చ దాకా వ్యవహారం రానే లేదు కాబట్టి, ఆ భయానికి అక్కడ జవాబు దొరకలేదు. దొరికేదా అన్నది వేరే ప్రశ్న. 1945లో సిమ్లాలో సరిగ్గా ఆ సీట్ల దగ్గరే చర్చ ఆగిపోయింది.

పత్రం చచ్చినా క్లాజులు బతికాయి

ఏప్రిల్ 23న రాజాజీ మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యుల చేత, విడిపోయే హక్కును ఒప్పుకుని లీగ్‌తో రాజీపడమని తీర్మానం చేయించారు. అలహాబాద్‌లో కాంగ్రెస్ మహా కమిటీ దాన్ని తోసిపుచ్చింది, ఆయన పార్టీకి దూరమయ్యారు. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. తెల్లవారేసరికి నాయకులంతా జైల్లో. పట్టాభి సీతారామయ్య నెహ్రూ, ఆజాద్, పటేల్‌లతో పాటు అహ్మద్‌నగర్ కోటలో పడ్డారు.

క్రిప్స్ 1946 మార్చిలో కేబినెట్ మిషన్ సభ్యుడిగా మళ్లీ వచ్చారు. ఆ ఏడాది ఏర్పడిన రాజ్యాంగ సభను ప్రాంతాల శాసనసభల సభ్యులే దామాషా పద్ధతిలో ఎన్నుకున్నారు. 1947లో వాయవ్య సరిహద్దు ప్రాంతం ఎటు చేరాలో జనవాక్యంతో తేల్చారు, అస్సాంలోని సిల్హెట్‌లోనూ అంతే. 1946 సెప్టెంబర్ 2న నెహ్రూ నాయకత్వంలో తాత్కాలిక ప్రభుత్వం వచ్చినప్పుడు సైన్యాధిపతికి కౌన్సిల్‌లో కుర్చీ లేదు. రక్షణ శాఖ మొత్తం, యుద్ధ విభాగంతో సహా, సర్దార్ బల్దేవ్ సింగ్ చేతికి వచ్చింది.